వయస్సు ముద్రయు న్యాయమును

కడచిన సెలవులలో మా యింట బంధువులు కూడియుండగా, రాత్రివేళ రెండు చలనచిత్రములను చూచుట తటస్థించెను. రెండును 2023వ సంవత్సరమున వెలువడినవే. ఒకటి సందీప్ రెడ్డి వంగా హిందీలో తీసిన ‘యానిమల్’. రెండవది వెట్రిమారన్ తమిళమున తీసిన ‘విడుదలై’ మొదటి భాగము. ఇది ‘విడుదల’ యను పేర తెలుగులోనికిని వచ్చినది. రెంటికిని సెన్సారు బోర్డువారు ‘ఏ’ ముద్ర వేసిరి. 18 ఏండ్లు నిండనివారు చూడరాదని దాని యర్థము. కావున మా తమ్ముని కుమార్తెను, 15 ఏండ్ల పిల్లను, రెండు రాత్రులును లోపలిగదిలో చదువుకొమ్మని పంపివేసితిమి. పిల్ల మారుమాటాడక పోయినది. కాని మూడవనాటి యుదయమున కాఫీవేళ ఆమె యడిగిన ప్రశ్న మమ్ము నింతవరకును విడువలేదు.

“పెదనాన్నా, మొదటి సినిమాలో మనుషులను నరకటం వేడుకలాగా చూపించారని మీరే అన్నారు. రెండోదాంట్లో పోలీసులు ఊరివాళ్లను హింసించటం చూసి నిద్ర పట్టలేదని కూడా మీరే అన్నారు. తప్పును గొప్పగా చూపించేదానికీ, తప్పును తప్పని చెప్పేదానికీ ఒకటే ముద్ర ఎట్లా వేస్తారు?”

ఈ ప్రశ్నకు మేము వెంటనే ప్రత్యుత్తర మీయలేకపోతిమి. ప్రభుత్వమువారి నియమ మట్లున్నదని తప్పించుకొనుట సులభమే. కాని నియమము న్యాయమా కాదా యని పిల్ల యడుగుచుండగా, నియమమునే మరల చూపుట సమాధానము కానేరదు. అందుచే ఈ విషయమును కొంత విచారించి, మాకు తోచినదానిని గృహస్థులైన పాఠకుల యెదుట నుంచుచున్నాము.

మొదట ముద్రల సంగతి. మన దేశమున చిత్రప్రదర్శనమున కాధారమైన శాసనము 1952 నాటిది. చాలకాలము ‘యు’, ‘ఏ’ అను రెండు ముద్రలే వాడుకలో నుండెను. మొదటిది అందరకు, రెండవది పెద్దలకు. 1983లో ఈ రెంటికిని నడుమ ‘యుఏ’ యను ముద్ర చేరెను. 12 ఏండ్లలోపు పిల్లల విషయమున తల్లిదండ్రులు ఆలోచించుకొనవలెనని దాని భావము. 2023లో శాసనమును సవరించి, ఈ నడిమి ముద్రను 7, 13, 16 ఏండ్లని మూడు మెట్లుగా విభజించిరి. ఇందు గమనింపదగిన భేద మొకటి కలదు. నడిమి ముద్రలన్నియు తల్లిదండ్రులకు హెచ్చరికలు మాత్రమే. పిల్లను తీసికొనిపోవుటయా, మానుటయా యనునది వారి వివేకమునకు విడువబడినది. ‘ఏ’ ముద్ర యట్టిది కాదు, అది నిషేధము. చిత్రశాల వాకిట తల్లి వివేకమునకు గాని, తండ్రి వివేకమునకు గాని అపుడు చోటు లేదు.

హెచ్చరికకును నిషేధమునకును గల భేదమును మరచినప్పుడు ఎట్టి యన్యాయము జరుగునో 2023 మార్చి నెలలో చెన్నపట్టణమున కనబడినది. నరికురవ తెగకు చెందిన ఒక కుటుంబమువారు టిక్కెట్లు చేతబట్టుకొని యొక చిత్రశాలకు పోగా, ద్వారముకడ వారిని అడ్డగించిరి. ఆ దృశ్యమును చూచినవారు ఫోనులలో పట్టి లోకమునకు చూపిరి, నిరసనము చెలరేగెను. చిత్రమునకు ‘యుఏ’ ముద్ర కలదనియు, వెంట 12 ఏండ్లలోపు పిల్లలుండుటచే ఆపితిమనియు యాజమాన్యమువారు చెప్పిరి. తుదకు ఆ కుటుంబమును లోనికి పంపిరి. కాని ఆ ముద్ర పిల్లలను వాకిట నిలుపు ముద్ర కానేకాదు. కారు దిగి వచ్చిన సంపన్నుల పిల్లలను అదే ముద్ర చెప్పి ఆపుట మే మెన్నడును చూచియుండలేదు. పిల్లల మేలుకొఱకు పుట్టిన నియమము పేదవానిని, వెలివేయబడినవానిని వెనుకకు త్రోయుటకు చాటుగోడ కాగలదని ఈ యుదంతము తెలుపుచున్నది. కావున ముద్ర న్యాయమైనదా యని యడుగువారు, అది యెవరిమీద ప్రయోగింపబడుచున్నదని కూడ అడుగవలెను.

ఇక మా పిల్ల ప్రశ్న. చిత్రమును సమగ్రముగా, దాని మొత్తము ప్రభావమును బట్టి చూడవలెనని బోర్డు మార్గసూత్రములలో నున్నమాట నిజమే. అయినను విచారణ యంతయు ముగిసిన పిమ్మట ప్రజలకు దక్కునది ఒక్క యక్షరము. హింస యెంత యున్నదను సంగతి ఆ యక్షరమున కొంత యిముడును. ఆ హింస యెవరి పక్షమున నిలిచి చూపబడినదను సంగతి యిమడదు. ‘యానిమల్’ కథానాయకుడు గొడ్డలిపట్టి మనుష్యులను నరకుచుండగా వెనుక వీరగీతము మ్రోగును. చూపరికి ఉత్సాహము కలుగవలెననియే ఆ యేర్పాటు. ‘విడుదలై’లో పల్లెస్త్రీలను పోలీసు ఠాణాలో వివస్త్రలను చేసి హింసింతురు, అచట నున్న చిన్న యుద్యోగి యొకడు అది చూడలేక తల్లడిల్లును, అతనితోపాటు చూపరియు తల్లడిల్లును. మొదటిచోట మన హృదయము మొద్దుబారును, రెండవచోట మేల్కొనును. రెంటిమీదను అక్షరము మాత్ర మొకటే.

అట్లయిన చిత్రముయొక్క ఆశయమును తూచి ముద్ర వేయవలెనని మాకును మొదట తోచెను. ఆలోచించిన కొలదిని ఆ తలంపు నిలువలేదు. ఆశయమును తూచు త్రాసును ఎవరి చేతి కిత్తుము? బోర్డు సభ్యులను నియమించునది కేంద్రప్రభుత్వము. పోలీసుల క్రౌర్యమును నిందించు చిత్రముయొక్క ఆశయమును ప్రభుత్వము నియమించినవారు తూచినచో, మా పిల్ల యే చిత్రమునకు న్యాయము కోరుచున్నదో ఆ చిత్రమునకే ముందుగా హాని కలుగవచ్చును. ఇది యూహామాత్రము కాదు. గూడవల్లి రామబ్రహ్మముగారి ‘రైతుబిడ్డ’ 1939లో నిషేధమునకు పాలయినది పిల్లల శీలము చెడునని కాదు, జమీందారులకు కోపము వచ్చినందున. ఆశయమును తూచుట యనిన, అధికారము కలవాని కిష్టమైన ఆశయమునకు పెద్దపీట వేయుటయే యగును.

ఈ సందర్భమున ఖ్వాజా అహ్మద్ అబ్బాసుగారి వ్యాజ్యెమును స్మరింపవలెను. నాలుగు మహానగరములలోని కలిమిలేముల భేదమును చూపుచు వారొక చిన్న చిత్రమును తీసిరి. అందు బొంబాయి వేశ్యావాటికను చూపు కొంత భాగముండుటచే దానికి ‘ఏ’ ముద్ర వేసిరి. అందరకు చూపవలెనన్న ఆ భాగమును కోయుమనిరి. వారు సర్వోన్నత న్యాయస్థానమున కెక్కిరి. విచారణ నడుచుచుండగనే ప్రభుత్వమువారు కోత లేకుండ ‘యు’ ముద్ర నిచ్చుట కంగీకరించిరి. ఒక్క దృశ్యమును మారకయే, పెద్దలకు మాత్రమే తగినదన్న చిత్రము అందరకును తగినదాయెను! ముద్ర యనునది మనుష్యుల యభిప్రాయమేగాని చిత్రములో పుట్టిన గుణము కాదని దీనివలన తేలుచున్నది. అయినను అదే వ్యాజ్యెమున 1970లో న్యాయస్థానమువారు పిల్లలకును పెద్దలకును వేరువేరు ముద్రలుండుట సమంజసమే యని నిర్ణయించిరి. కొలత లోపభూయిష్ఠమయినంతమాత్రమున కొలువనే వద్దనుట వివేకము కాదు గదా.

మరి యేమి చేయవలెను? ఆశయము వేరు, సందర్భము వేరు. ‘ది కింగ్స్ స్పీచ్’ అను ఇంగ్లీషు చిత్రమున నత్తితో బాధపడు రాజు చికిత్సలో భాగముగా బూతుమాటలను గట్టిగా పలుకును. 2010లో బ్రిటిష్ బోర్డువారు ఆ మాటలను బట్టి 15 ఏండ్ల ముద్ర వేసి, చిత్రముయొక్క హక్కుదారులు మరల విన్నవించుకొనగా, అవి యెవరిని తిట్టుటకును పలికినవి కావని గ్రహించి 12 ఏండ్ల ముద్రకు దించిరి. అమెరికాలో ఆ మాటల మూలముననే దానికి కఠినమైన ముద్ర పడెను. మాట యెందుకు పలుకబడినది, దెబ్బ యెట్లు చూపబడినది యని విచారించుటకు చిత్రముయొక్క రాజకీయమును తూచనక్కరలేదు. విచారించిన పిమ్మట కారణమును రెండు వాక్యములలో ప్రజలకు చెప్పిన చాలును. అక్షర మాజ్ఞాపించును, కారణము బోధించును. వివేకముగల గృహస్థునకు కావలసినది రెండవది.

అయితే దోషమంతయు బోర్డుమీద నుంచుట మనకు తగదు. 2025లో ‘కూలీ’ యను తమిళ చిత్రమునకు ‘ఏ’ ముద్ర పడగా, దానిని ‘యుఏ’కు మార్పించుకొనుటకై నిర్మాతలు మద్రాసు ఉన్నత న్యాయస్థానమున కెక్కిరి, న్యాయస్థానము నిరాకరించెను. పిల్లలు రానిచో టిక్కెట్లు తగ్గునన్న చింత వ్యాపారికి సహజమే. కాని ‘ఏ’ ముద్రగల చిత్రమునకు చంకబిడ్డలతో పోయి, ద్వారపాలకునితో వాదులాడి లోనికి చొచ్చు తల్లిదండ్రులను మేము కన్నులార చూచితిమి. అభిమాన నటుని మొదటి ఆట అనగా మనకు ముద్ర కనబడదు. ఇంటిలో ఫోనున వచ్చు చిత్రముల సంగతి చెప్పనే యక్కరలేదు. 2021 నాటి నియమముల ప్రకారము వానికిని వయస్సు ముద్రలు, 13 ఏండ్లును అంతకు పైబడిన ముద్రలు గలవానికి తాళములును ఉండవలెను. తాళములున్నవి, కాని అనేక గృహములలో ఆ తాళమును పెద్దలకు పెట్టియిచ్చినవారు పిల్లలే! పిల్లలనుండి నిగ్రహమును కోరు మనము, మన వేడుకకడ ఒక్క నాడైనను నిగ్రహింపనిచో, ఆ ముద్ర యెంత న్యాయమైనదైనను పిల్లల కన్నులకు వేషముగనే తోచును.

మా యింట జరిగినదియు ఇట్టిదే. తల్లిదండ్రుల వివేకమును గూర్చి యింత చెప్పుచున్న మేము, ఆ రెండు రాత్రులును పిల్ల తల్లితో నాలోచింపనే లేదు. ఇంటిలోని మగవారమే నిశ్చయించి పిల్లను పంపివేసితిమి. ఈ మాట యొప్పుకొని మా మరదలి నడుగగా ఆమె యిట్లనెను: “చూపకపోతే పోనీయండి బావగారూ. చెప్పకుండా మాత్రం ఉండవద్దు. దానికి తెలియకూడని సంగతి కాదు అది.”

ఆ రాత్రి ఆమెయే పిల్లను దగ్గర కూర్చుండబెట్టుకొని కథ నాద్యంతము చెప్పినది. పిల్ల విని, “నిజంగా ఇట్లా జరుగుతుందా?” అని యడిగినది. అపుడు మేము వాచాత్తి సంగతి చెప్పితిమి. అది తమిళదేశమున ధర్మపురి జిల్లాలోని గిరిజన గ్రామము. 1992 జూన్ నెలలో గంధపుచెక్కల దొంగరవాణాను వెదకు నెపమున అటవీ, పోలీసు, రెవెన్యూ ఉద్యోగులు ఆ యూరిమీద పడి, జనులను హింసించి, 18 మంది స్త్రీలను చెరచిరి. వారిలో బాలికలును కలరు. 2011లో న్యాయస్థానము బ్రతికియున్న 215 మంది ముద్దాయిలను దోషులుగా నిర్ణయించెను. 2023 సెప్టెంబరులో మద్రాసు ఉన్నత న్యాయస్థానము ఆ తీర్పును స్థిరపరచెను. పిల్ల చాలసేపు మాటాడలేదు. తరువాత, “ఆ అమ్మాయిలను ఎవరూ వయసు అడగలేదు కదా” అని మాత్ర మనినది.

అనుభవించుటకు వయస్సు చాలిన పిల్లలుండగా, తెలిసికొనుటకు వయస్సు చాలదని యనుట యెట్లు న్యాయమగును? దీనికి మా సమాధానమిది. తెలిసికొనుట వేరు, తెరమీద చూచుట వేరు. మాటను మనస్సు తన శక్తికొలది స్వీకరించును. దృశ్యము అనుమతి యడుగక నిద్రలోనికి చొచ్చును. అందుచే దృశ్యమునకు వయస్సు ముద్ర యుండుట న్యాయమే. సత్యమునకు అట్టి ముద్ర వేయుట న్యాయము కాదు. ముద్రను చూపి దృశ్యము నాపిన తల్లిదండ్రులు, ఆ దృశ్యములోని సత్యమును తామే నోట చెప్పుటకు ఋణపడియున్నారు. ఆ ఋణమును తీర్పనివాడు పిల్లను కాపాడినవాడు కాడు; సిగ్గుపడవలసిన ప్రశ్నలనుండి తన్ను తాను కాపాడుకొన్నవాడు.

మా పిల్లకు 18 ఏండ్లు నిండుటకు ఇంక మూడేండ్లున్నవి. అపుడు ‘విడుదలై’ని ఆమె తన యిష్టప్రకారము చూచునుగాక. ఈ లోపల ఆమె యడుగు ప్రశ్నలకు మేము వయస్సు ముద్ర వేయకుందుముగాక.