గంటల మోత

స్పెయిను దేశపు వాయవ్య మూలను, గలీషియా ప్రాంతమున, సాంతియాగో దె కొంపొస్తెలా అను పట్టణము కలదు. జెబెదయి కుమారుడైన యాకోబు అపొస్తలుని సమాధి అక్కడ నున్నదని నమ్మి, తొమ్మిదవ శతాబ్దము మొదలు క్రైస్తవులు దూరదేశములనుండి కాలినడకను ఆ ఊరు చేరుచు వచ్చిరి. 2024లో సైతము దాదాపు 5 లక్షలమంది చేరిరి. ఇప్పుడున్న మహాదేవాలయము 1075లో ఆరంభింపబడి, 1211లో ప్రతిష్ఠింపబడెను. దాని పడమటి ద్వారమున మతెయో అను శిల్పాచార్యుని పనితనమును వర్ణించుటకే ఒక గ్రంథము చాలదు. కాని నేడు మనము తలపోయవలసినది రాళ్లను గూర్చి కాదు, గంటలను గూర్చి.

997లో కొర్డోబా రాజ్యపు సేనాధిపతియైన అల్ మన్సూర్ ఈ పట్టణముపై దండెత్తి, అప్పటి పాత దేవాలయమును పడగొట్టించెను. సమాధిని మాత్రము ముట్టలేదు. దానియొద్ద ఒంటరిగా కూర్చున్న వృద్ధ సన్యాసిని, నీవిక్కడ ఏల యున్నావని అడిగి, యాకోబును ఘనపరచుటకని విని, అతని జోలికి ఎవరును పోరాదని ఆజ్ఞాపించెనని అరబ్బు చరిత్రకారులు వ్రాసిరి. అట్టి మర్యాద యెరిగినవాడే దేవాలయపు గంటలను క్రైస్తవ బందీల భుజములమీద కొర్డోబాకు మోయించెనట. అక్కడి మసీదులో వాటిని దీపములుగా వ్రేలాడదీసిరని చెప్పుదురు.

1236లో కాస్తీల్ రాజైన మూడవ ఫెర్నాందో కొర్డోబాను పట్టుకొని, ఆ గంటలనే ముస్లిము బందీల భుజములమీద తిరిగి పంపెను. ఈ కథ చెప్పువారు సాధారణముగా ఇక్కడ తృప్తితో తల ఊపుదురు. చెల్లుకు చెల్లు!

నిజముగా చెల్లినదా? ప్రియ చదువరులారా, లెక్క చూడుడి. నడుమ గడచినవి 239 ఏండ్లు. రెండవసారి మోసినవారిలో ఆ పాత దండయాత్రను ఎరిగినవాడు ఒక్కడును లేడు. వారి తాతలకు తాతలైనను అప్పటికి పుట్టియుండరు. ఎవరి అప్పును ఎవరియొద్ద వసూలు చేసినట్టు? గంటలను తెచ్చుకొనుట న్యాయమే. దోచుకొనబడిన సొత్తు తన చోటికి చేరవలెను గదా. అయితే బండ్లు లేవా, ఎడ్లు లేవా? వందల మైళ్ల దారిని మనుష్యులచేతనే మోయించినప్పుడు, కోరినది గంటలను మాత్రమే కాదు.

ఫెర్నాందోను రోమను కతోలిక సంఘము 1671లో పరిశుద్ధుడని ప్రకటించెను. దుర్మార్గుడు పగ తీర్చుకొన్నయెడల మనకు ఆశ్చర్యము లేదు. భక్తుడైన రాజు దానినే నీతి యనుకొని చేసినప్పుడు మన గుండె తడుముకొనవలసి వచ్చును.

ఇక ఆ యాకోబు సంగతి ఏమి? సమరయుల గ్రామమొకటి ప్రభువును చేర్చుకొననప్పుడు, ఆకాశమునుండి అగ్ని రప్పింతుమా యని అడిగిన ఇద్దరిలో ఇతడొకడు. ప్రభువు గద్దించెను, అందరును ఇంకొక ఊరి దారి పట్టిరి. అగ్ని నడిగిన ఆ శిష్యుడే పిమ్మట హేరోదు కత్తికి తన మెడ నొప్పగించెను. స్పెయినువారో, అతని చేతికే కత్తి నిచ్చి, గుర్రమెక్కించి, మూరులను చంపువాడని పేరు పెట్టిరి. అట్టి విగ్రహమొకటి ఈ దేవాలయములోనే నిలిపిరి. 2004లో దానిని తీసివేయుదుమని అధికారులు ప్రకటించి, ప్రజల అభ్యంతరమువలన మానుకొనిరి. గుర్రపు కాళ్లక్రింద పడియున్న మూరుల బొమ్మలను మాత్రము పూలతో కప్పి యుంచిరి. అవి సిగ్గువలన పెట్టిన పూలో, భయమువలన పెట్టిన పూలో చదువరులే ఆలోచింతురు గాక.