కాయకమా? కోరికా?

ఒక మనుష్యుడు తన ఇంటి కొట్టములో, ఎవరి ఆజ్ఞయు లేక, ఎవరి కూలియు ఆశింపక, రెండేండ్లు శ్రమించి ఒక వస్తువును తయారు చేసినాడనుకొందము. ఆ శ్రమ కాయకమగునా? లేక కోరిక తీర్చుకొనుట మాత్రమేనా? చూచుటకు ఇది చిన్న ప్రశ్న. కాని సమాధానము చెప్పబోయినప్పుడు నాకు నా మాటలే అడ్డము వచ్చినవి. అందుచేత జరిగినది జరిగినట్లు చెప్పి, విచారణను పాఠకుల ముందుంచుచున్నాను.

వనపర్తిలో మా అక్క కొడుకొకడున్నాడు. సంస్థానాధీశుల భవనములో పాలిటెక్నిక్ నెలకొన్న ఊరది. వానికి చిన్ననాటి నుండి ఇనుముతోనే స్నేహము. పాత సామానుల దుకాణములో తుప్పుపట్టి పడియున్న 350 సి.సి. బుల్లెట్టు నొకదానిని కాగితములతో సహా కొని తెచ్చి, పెరటి కొట్టములో పెట్టినాడు. 1955లో మద్రాసులో ఈ బండ్ల నిర్మాణమునకు పూనుకొన్నారు. పుట్టినింటనే, అనగా ఇంగ్లండులోనే, ఆ కర్మాగారములు 1970 నాటికి మూతపడినవి. మన దేశములో మాత్రము బుల్లెట్టు ఆగలేదు. అందులో ఒకటే సిలిండరు. దాని లోపలి వ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టను పయనించు దూరము 90 మిల్లీమీటర్లు. దాచిన రహస్యమేదియు లేని యంత్రము. ఓపిక గలవాడు విప్పి చూచి నేర్చుకొనవచ్చును.

వాడు విప్పినాడు. ప్రతి బోల్టును కిరసనాయిలులో కడిగి, పాత పంచాంగము కాగితములలో పొట్లము కట్టి, దానిపై పేరు వ్రాసినాడు. పగలంతా బ్రతుకుతెరువు పని. రాత్రి పది దాటువరకు కొట్టములో దీపము. అది చూచి నేను సంతోషించి, "నీది కాయకమురా" అన్నాను. ఆ మాట తొందరపడి అన్నానని తరువాత తెలిసినది.

మరమ్మతుతో వాని మనసు నిలువలేదు. ప్రపంచములో మరియొకటి లేని బండి కావలెననుకొన్నాడు. ముందరి ఫోర్కు వాలుగా సాగవలెనని చట్రము మెడను కోసి, కోణము మార్చి, తిరిగి అతికించినాడు. వెనుక మడ్‌గార్డును కురచ చేసినాడు. రెండవ ఆసనమును తీసివేసినాడు. సైలెన్సరు లోపల శబ్దమును అణచు పలకలను ఊడబెరికినాడు. నల్లని రంగు వేసి, అద్దమువలె మెరిపించి, ఒకనాటి సాయంకాలము వాకిట నిలిపి కిక్కు కొట్టినాడు.

వీధి అదిరిపోయినది. పిల్లలు చప్పట్లు కొట్టినారు. ఎదురింట పక్షవాతముతో మంచముపట్టిన పెద్దాయన ఉలికిపడి లేవబోయి, లేవలేక కేక వేసినాడు. మా అక్క బయటికి వచ్చి, బండి చుట్టు ఒకసారి తిరిగి చూచి, మెల్లగా అడిగినది: "మంచిగుంది కొడుకా. మరి నేను యాడ కూసోవాలె?"

శివరాత్రికి శ్రీశైలము తీసికొనిపోవుదునని వాడు ఆమెకు మాట యిచ్చి యుండెను. ఆ మాట వాడు మరచిపోలేదు. తన చేతులు ఆ మాటను చెరిపివేయుచున్న సంగతిని గమనించలేదు, అంతే.

ఆ రాత్రి వాడు నా యొద్దకు వచ్చినాడు. చాలసేపు మాటాడలేదు. తరువాత అన్నాడు: "మామా, మెడకాడి అతుకు మంచిగ పడలే. పైకి నిండుగ కనిపిస్తది గని లోపల ఇనుము కరగలే. రంగు పూసిన. ఆ సంగతి నాకొక్కనికే తెలుసు."

సోదరులారా, ప్రశ్న ఇచ్చట పుట్టినది. రెండేండ్ల శ్రమ నిజము; వాని నైపుణ్యము నిజము; ఆ పనిలో వాడు పొందిన ఆనందము నిజము. అయినను ఆ రంగు క్రింద అసత్యమొకటి దాగియున్నది. శ్రమ యంతయు కాయకమేయని నేనన్న మాటను ఆ అతుకు ఖండించినది.

కాయకమునకు కూలి ముఖ్యము కాదు, నిజమే. అది జనోపయోగమైన పని కావలెనా? కొందరు కావలెనందురు. కాని ఆ నియమమును కఠినముగా పట్టుకొన్నచో సౌందర్యమునకు చోటుండదు. గద్వాల చీరను చూడుడు. ఒంటికి నూలు, అంచునకు పట్టు. రెండింటిని నేతలోనే పోగునకు పోగు మెలివేసి కలుపుదురు. కట్టుకొనుటకు నూలు చీర చాలును కదా, పట్టంచు ఎందులకు అని ఎవడైన అడిగినచో గద్వాల నేతగాడు నవ్వును. సౌందర్యము దోషము కాదు. అయితే ఆ చీర విలువ అంతయు ఆ కలయికలోనే ఉన్నది. నూలునకును పట్టునకును నడుమ పట్టు సడలినచో, అంచు ఎంత మెరిసినను చీర చీర కాదు. నేతగానికి అతుకే సత్యపరీక్ష. బండి చేసినవానికిని అంతే. కావున మొదటి నియమమిది: ఇతరులు చూడని చోట పని ఎట్లున్నదో, చేసినవాని ధర్మము అట్లున్నది.

రెండవది హాని. దూరదేశపు ఉదాహరణ మొకటి చెప్పెదను. న్యూజిలాండునకు చెందిన బర్ట్ మన్రో 1920 నాటి ఇండియన్ స్కౌట్ బండిని దశాబ్దముల తరబడి తన కొట్టములోనే మార్చుచు, పిస్టనులను సైతము స్వయముగా పోతపోసికొనుచు, 1967లో, తన 68వ యేట, అమెరికాలోని బోన్నెవిల్ ఉప్పు మైదానములో తన తరగతి బండ్లలో వేగపు రికార్డు నెలకొల్పెను. ఆ బండి ప్రమాదకరమైనదే. కాని ఆ పరుగున ఆయన పణముగా ఒడ్డినది ప్రధానముగా తన ప్రాణమును. ఉప్పు మైదానములో పక్షవాతరోగి మంచము లేదు. బడికి పోవు పిల్లలు లేరు. అదే యంత్రమును వనపర్తి వీధిలో నడిపినచో ధర్మము మారును. వస్తువు ఒక్కటే, చోటు మారినప్పుడు బాధ్యత మారును. మన దేశపు చట్టము కూడ ఈ సంగతినే చెప్పుచున్నది. తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నమగునట్లు యజమాని వాహనమును మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము శాసించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానిని మరల స్పష్టపరచినది. ఇది స్వేచ్ఛకు సంకెల యని మా అల్లుడు మొదట వాదించినాడు. "నీ అతుకు విరిగిననాడు ఎదురుగా వచ్చువాడు నీ స్వేచ్ఛకు ఒప్పుకొన్నాడా?" అని అడిగినాను. వాడు మారుమాటాడలేదు.

మూడవది మిక్కిలి సూక్ష్మమైనది. కల్యాణ పట్టణములో నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తెచ్చినప్పుడు ఆయన ఇల్లాలు లక్కమ్మ దానిని చూచి, అధికమైన బియ్యమును తిరిగి పోసి రమ్మని పంపినది. ఆ బియ్యము దొంగసొత్తు కాదు. ఆయన శ్రమించి ఏరి తెచ్చినదే. మరి ఆమెకు కనిపించిన దోషమేమి? పనిలోనికి ఆశ చొచ్చినది. చేతులు అవే, గింజలు అవే. మనసు మాత్రము మారినది. మా అల్లుని కొట్టములోను ఇట్లే జరిగినది. బోల్టులు కడిగిన నాడు వాని దృష్టి యంత్రముపై నుండెను. మెడ కోసిన నాటికి దృష్టి యంత్రమును విడిచి, చూచువారి కన్నులపైకి పోయినది. చూపులకై చేసిన పనిలో, చూపునకు అందని అతుకు నిర్లక్ష్యమగుట ఆశ్చర్యము కాదు. తల్లికి చోటు లేకపోవుటయు అందుచేతనే.

ఇందులకు ఎదురు ఉదాహరణ మన దేశములోనే కలదు. గుజరాతులోని అమ్రేలీ జిల్లాకు చెందిన మన్‌సుఖ్‌భాయి జగానీ 1994లో బుల్లెట్టు బండి వెనుక చక్రమును తొలగించి, దున్నుటకును విత్తుటకును పనికివచ్చు సాధనములను అమర్చి, బుల్లెట్ సాంతి అను యంత్రమును రూపొందించినాడు. కరవు నేలలో ఎద్దులను పోషింపజాలని రైతునకు అది అక్కరకు వచ్చినది. అతడును బుల్లెట్టునే కోసినాడు, అతికినాడు. కాని ఆ కోతలో మరియొకనికి చోటున్నది. దాసోహమనగా పంక్తిలో అన్నము పెట్టుట మాత్రమే కాదు. మనము చేయు వస్తువులో ఇతరునకు చోటుంచుట కూడ దాసోహమే.

అట్లని ప్రతి యువకుడును నాగలి యంత్రమే చేయవలెనని నేననను. నేర్చుకొనుటకు చేసినది, సంతోషమునకు చేసినది, అందమునకు చేసినది కూడ కాయకము కావచ్చును. అయితే మూడు ప్రశ్నలకు తల వంచక సమాధానము చెప్పగలుగవలెను. కనిపించని చోట సత్యమున్నదా? దారిన పోవువానికి హాని లేదా? నాతోపాటు మరియొకరికి చోటున్నదా? ఈ మూడింటికి అవునన్నచో కోరిక సైతము కాయకముగా మారును. ఒక్కదానికి కాదన్నను, ఎంత కష్టపడి చేసినను అది కష్టపడి చేసిన కోరికయే.

తరువాత జరిగినది చెప్పి ముగించెదను. వాడు తాను వేసిన రంగును తానే గీకినాడు. అతుకుపై కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్దపొడి చల్లినప్పుడు సన్నని తడిగీత వెంట్రుకవలె పైకి తేలినది. అది చూచి వాడు నేలపై కూర్చుండిపోయినాడు. ఆ గీత తన తల్లి కూర్చుండవలసిన బండి మెడపై నున్నది గదా. తన చేతికి ఆ పని మించినదని ఒప్పుకొని, అనుభవజ్ఞుడైన పనివానియొద్దకు చట్రమును తీసికొనిపోయి, మెడను పూర్వపు కోణమునకే తెచ్చి సరిగా అతికించుకొన్నాడు. సైలెన్సరు పలకలు, మడ్‌గార్డు, రెండవ ఆసనము తిరిగి వచ్చినవి. రవాణా శాఖవారి తనిఖీకి చూపిన తరువాతనే బండి బాటకెక్కినది. ప్రపంచములో మరియొకటి లేని బండి పోయినది. అందరి బండ్ల వంటి బండి మిగిలినది. ఇంజను మాత్రము వాని చేతి పనియే. దాని శబ్దము విన్నవారికి ఆ సంగతి తెలియును.

ఆ శివరాత్రికి మా అక్క వెనుక కూర్చుండి శ్రీశైలము పోయినది. మన్ననూరు దాటిన తరువాత నల్లమల అడవిలో బండి శబ్దముకంటె పక్షుల శబ్దమే ఎక్కువ వినిపించినదని వచ్చి చెప్పినది. బండి ఎట్లున్నదని నేనడిగినాను. "కూసున్నంత సేపు భయం కాలే తమ్మీ" అన్నది.

చేసినవాని పనికి ఇంతకంటె పెద్ద మెప్పు నాకు తెలియదు.