మరచిన మాట: స్మృతిలోపంలో సమ్మతి, సాక్ష్యం

దుష్యంతుడు శకుంతలను ఎరుగనన్న ఘట్టం మనకు రెండు విధాలుగా అందింది. నన్నయ ఆదిపర్వంలో, వ్యాసభారతంలో వలెనే, రాజుకు అంతా తెలుసు, తెలిసే కాదంటాడు. కనుక అక్కడి విచారణ సత్యాన్ని గురించి. కాళిదాసు దుర్వాసశాపాన్ని కల్పించి రాజును అసత్యదోషం నుంచి తప్పించాడు. అక్కడి విచారణ స్మృతిని గురించి. నాయకుని ఔదాత్త్యాన్ని కాపాడటానికే శాపం వచ్చిందని విమర్శకులు సాధారణంగా చెప్పే సమాధానం సరైనదే కాని చాలదు. మాట ఇచ్చినవానికే ఆ మాట నిజంగా గుర్తు లేకపోతే దాని గతి ఏమిటన్న ప్రశ్న కూడా ఆ శాపంతోనే వచ్చింది. అల్జీమర్స్ వ్యాధి తొలి దశ ఈ ప్రశ్నను ఏ ముని కోపమూ లేకుండానే ఎన్నో ఇళ్ళలో లేవనెత్తుతున్నది.

1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో చేరిన ఆగుస్టే డేటర్ అనే స్త్రీని పరీక్షించిన అలోయిస్ అల్జీమర్, ఆమె మరణానంతరం 1906లో తన పరిశీలనలను వెల్లడించాడు. ఆమె స్థితి అప్పటికే ముదిరినది. తొలి దశ స్వరూపం వేరు. మెదడులోని హిప్పోకాంపస్, దానికి ఆనుకొని ఉన్న ఎంటోరైనల్ కార్టెక్స్ ముందుగా దెబ్బతినడం వల్ల సాధారణంగా కొత్త అనుభవాలు నిలవవు. పాతవి చాలాకాలం నిలుస్తాయి. యాభై ఏళ్ళనాటి పెళ్ళిపందిరి కళ్ళకు కట్టినట్లు చెప్పే మనిషికి ఉదయం వచ్చిన చుట్టం గుర్తుండడు. భాష, మర్యాద, మంచిచెడ్డల వివేకం మాత్రం ఇంకా చాలావరకు ఉంటాయి. నైతిక సమస్య అంతా ఇక్కడే ఉంది.

అన్నంభట్టు తర్కసంగ్రహంలో స్మృతిని కేవలం సంస్కారం వల్ల పుట్టే జ్ఞానంగా నిర్వచించాడు. అనుభవం సంస్కారాన్ని మిగులుస్తుంది. సాదృశ్యం, చింతన వంటి ఉద్బోధకాలు దానిని మేల్కొలుపుతాయి. ఈ లెక్కన మరుపు రెండు రకాలు: సంస్కారం ఉండి ఉద్బోధకం దొరకనిది, అసలు సంస్కారమే లేనిది. దుష్యంతునిది మొదటిది, చేప కడుపులోని ఉంగరం కంటబడగానే అంతా తిరిగివచ్చింది. వైద్యులు చేసే ఒక పరీక్ష ఈ విభాగాన్నే తలపిస్తుంది. కొన్ని పదాలు నేర్పి, కొంతసేపటికి ‘వాటిలో ఒక పండు పేరుంది’ వంటి ఆధారమిచ్చి అడుగుతారు. కేవలం వయసు వల్ల మరచినవారికి ఆ ఆధారం తరచుగా ఉంగరమవుతుంది. ఈ వ్యాధి ఉన్నవారికి అంతగా కాదు. (న్యాయమతంలో సంస్కారం ఆత్మగుణం, వైద్యంలో మెదడు ధర్మం, ఆ భేదాన్ని చెరిపివేయడం నా ఉద్దేశం కాదు.) కాబట్టి ‘బాగా గుర్తు తెచ్చుకో’ అని ఒత్తిడి చేయడం లేని ఉంగరాన్ని వెతకమనడమే.

ఊళ్ళోని ఇల్లు అమ్మడానికి ఒక తల్లి ఒప్పుకున్నదనుకుందాం. కారణాలన్నీ విని, లాభనష్టాలు అడిగి మరీ ఒప్పుకున్నది. మరునాడు “నేనెప్పుడన్నాను?” అంటుంది. “నిన్ననే కదమ్మా అన్నావు” అంటాడు కొడుకు. నిన్నటి సమ్మతి చెల్లుతుందా? వ్యక్తి ఏకత్వాన్ని జ్ఞాపకంపై నిలిపిన జాన్ లాక్ మార్గాన్ని చివరిదాకా అనుసరిస్తే, నిన్న ఒప్పుకున్న వ్యక్తి నేటి ఈమె కాదనవలసివస్తుంది. చట్టం అంత దూరం పోదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ ఒప్పందం చేసే సమయంలో అవగాహన, వివేచన ఉన్నాయా అని చూస్తుంది. మరునాటి జ్ఞాపకాన్ని అడగదు. ఇంగ్లండు, వేల్సులలోని 2005 నాటి మానసిక సామర్థ్య చట్టం, విషయం కొద్దిసేపు మాత్రమే గుర్తున్నంత మాత్రాన నిర్ణయశక్తి లేదనరాదని స్పష్టంగానే చెప్పింది.

చట్టం ఇచ్చిన ఈ గౌరవం ఉచితమైనదే. అయితే అందులోనే ప్రమాదం ఉంది. “నిన్న అన్నావు” అన్న వాక్యం నిజమో కాదో తేల్చుకునే సాధనం ఆమె వద్ద లేదు. భారతకథలో శకుంతలకు అశరీరవాణి సాక్ష్యం పలికింది. ఈ ఇంట్లో సాక్షి, లబ్ధిదారుడు ఒకడే. శకుంతల పక్షాన గుర్తున్నది, అధికారం లేదు. ఇక్కడ గుర్తున్నవానిదే అధికారం. నన్నయ శకుంతల రాజును నిలదీసిన సత్యధర్మం ఇప్పుడు మరచినవారిని కాక గుర్తున్నవారిని నిలదీస్తుంది.

మళ్ళీ అడగడమే న్యాయమని నా అభిప్రాయం. రోజుల ఎడంతో, లాభంతో సంబంధం లేని మనిషి, వేరే మాటలతో అడగాలి. వెనుకటి జవాబు గుర్తు లేకుండానే ఆమె మూడుసార్లూ అదే జవాబు చెబితే, ఆ నిలకడ జ్ఞాపకానిది కాదు, ఆమె స్వభావానిది. అన్నమాటకు కట్టుబడి, ఇష్టం లేకపోయినా దానినే పట్టుకొని ఉండే ఆరోగ్యవంతుని సమ్మతికంటే ఇది తక్కువది కాదు. ప్రశ్న వేసిన తీరే ఆ జవాబును పలికించవచ్చునన్న ఆక్షేపణ సబబైనది. అడిగేవారినీ అడిగే మాటలనూ మార్చమనడం అందుకే. జవాబు ఒక్కొక్కరోజు ఒక్కొక్కలా ఉంటే ఆమె ఇంకా నిర్ణయించుకోలేదనే అర్థం. అప్పుడు అనుకూలమైన రోజు జవాబును ఏరుకొని సంతకం పెట్టించడం తగదు. వ్యవహారం ఆలస్యమవుతుంది, కొనుగోలుదారు వెళ్ళిపోవచ్చు. ఆ నష్టం గుర్తున్నవారు భరించవలసినది.