చూపుకొఱకైన ధర్మము

2025వ సంవత్సరము మార్చి నెలలో మలేషియాయందు ఒక మలయభాషా రేడియో కేంద్రమునకు చెందిన వ్యాఖ్యాతలు మువ్వురు, తైపూసమునాడు మురుగన్ భక్తులు కావడి యెత్తి ‘వేల్ వేల్’ అనుచు చేయు నృత్యమును వెక్కిరించుచు చిత్రీకరించుకొని ప్రకటించిన చిన్న వీడియో దేశమంతటను వ్యాపించెను. హిందువులు నొచ్చుకొనిరి; వ్యాఖ్యాతలు క్షమాపణ చెప్పుకొనిరి; ప్రసార నియంత్రణ సంస్థ 2,50,000 రింగిట్ల జరిమానా విధించెను. అంతవఱకు వ్యవహారము సుబోధమే. నాకు చింత్యముగా తోఁచినది తరువాతి ఘట్టము. గుడిని మసీదును పక్కపక్కన నిలిపి, క్రింద తమ పేరో పక్షచిహ్నమో ముద్రించిన ఖండనచిత్రములు కొందఱు పంచిరి. ఆ ఖండించినవారి పాత మాటలను త్రవ్వి తీసి మఱికొందఱు మీములు కట్టిరి. ఈ యిరుపక్షములను చూచి నవ్వు మీములు వేఱొక చోట పుట్టెను. పెక్కు చిత్రములందు పలికిన ధర్మముకన్న పలికినవాని పేరే పెద్ద యక్షరములలో నుండెను. జాతివిషయమున తాను నిర్మలుఁడనని పదిమందికి చూపుకొనుట ధర్మాచరణమగునా, చూపువాని హృదయము శుద్ధము కానిచో ఆ పలుకు వ్యర్థమగునా అనునది ఇచట పుట్టు ప్రశ్న.

భగవద్గీత పదునాఱవ యధ్యాయమున ఆసురసంపదను లెక్కించుచు దంభమునకే మొదటి పీట వేసినది. తరువాతి యధ్యాయమున సత్కారమును, మానమును, పూజను గోరి దంభముతో నాచరించు తపస్సును రాజసమనియు, అస్థిరమనియు వేఱుపఱచినది. పొరుగింటి మలయుని యడిగినను ఇదే మాట చెప్పును. నలుగురు చూడవలెనని చేయు పుణ్యమును వారు ‘రియాక్’ అందురు, బడిపిల్లవానికిని ఆ దోషము తెలియును. ఖురానునందలి మాఊన్ అను చిన్న సూరా, చూపుకొఱకు నమాజు చేయుచు ఇరుగుపొరుగులకు అల్పమైన సాయమునైనను నిరాకరించువారిని నిందించినది. చీనావారి కన్ఫ్యూషియసు, ఊరివారందఱిచేతను మంచివాఁడనిపించుకొను పెద్దమనిషిని శీలమునకు దొంగ యనెను. మలేషియాలో ఒకరినొకరు శంకించుకొను ఈ మూడు జాతులకును ఈ యొక్క విషయమున శాస్త్రభేదము లేదు. అయినను ఆ దేశముననే ఈ దోషము ఇంతగా వర్ధిల్లుటకు కారణము చరిత్రలో వెదకవలసియున్నది.

1969 మే 13న కౌలాలంపూరులో చెలరేగిన జాతికలహముల పిమ్మట, 1970 ఆగస్టు 31న ‘రుకున్ నెగారా’ యను పంచసూత్రములు ప్రకటింపఁబడెను. వానిలో నైదవది మర్యాదయు సచ్ఛీలమును. 1970లో రాజద్రోహ శాసనమును, 1971లో రాజ్యాంగమును సవరించి, మలయుల విశేషస్థానము, పౌరసత్వము, జాతీయభాష, సుల్తానుల యధికారము అను విషయములను పార్లమెంటునందు సైతము ప్రశ్నింపరాదని నిషేధించిరి. గాయము మానువఱకు కట్టు విప్పరాదని నాఁటి పాలకుల తలంపు. దానిని పూర్తిగా తప్పనఁజాలను. కాని దాని ఫలితముగా బహిరంగమున జాతినిగూర్చి పలుకఁదగినవి మంగళవచనములు మాత్రమే మిగిలెను. 2009లో ‘ఒకే మలేషియా’, 2021లో ‘మలేషియా కుటుంబము’, 2023లో ‘మలేషియా మదని’ యని ప్రభుత్వము మాఱినపుడెల్ల నినాదము మాఱినది. సందేహములు, కోపములు, చిన్నచూపులు మాత్రము వంటయిండ్లకును, కాఫీకొట్లకును, అచటినుండి చేతిఫోనులలోనికిని దిగిపోయినవి. అనియు అననట్లుండుట, పట్టుబడినచో నవ్వులాటకన్నానని జాఱిపోవుట మీమునకు సహజగుణములు గనుక, ఇట్టి దేశమున అది ప్రబలుట వింత కాదు. 2022 నవంబరు 19 నాఁటి యెన్నికలలో ఏ పక్షమునకును ఆధిక్యము రానపుడు మే 13ను తలపించుచు బెదరించు వీడియోలు టిక్‌టాక్‌లో వ్యాపించి, పోలీసులు హెచ్చరిక చేయవలసివచ్చెను. అదియు ప్రదర్శనమే! ద్వేషము సైతము తనవారి మెప్పును కోరును. కరుణనటన వలెనే శౌర్యనటనయుఁ గలదు.

2020 ఏప్రిల్ 16న లంకావి సమీపమున దాదాపు 200 మంది రోహింగ్యా శరణార్థులున్న పడవను మలేషియా సేనలు త్రిప్పిపంపినపుడు, కరోనా భయముతోఁ గూడిన రోహింగ్యాద్వేషము సామాజిక మాధ్యమములయందు ఉప్పెనయై లేచెను. మే 25న అమెరికాలో జార్జి ఫ్లాయిడ్ అను నల్లజాతీయుఁడు పోలీసుల చేతిలో హతుఁడయ్యెను. జూన్ 2న లోకమంతటితోపాటు మలేషియావారును అందుకు నిరసనగా నల్లని చతురస్రములను తమ పుటలపై నిలిపిరి. ఆ రెండు కార్యములును ఒకే మనుష్యులు చేసిరని నేననను. కాని తన రేవులో ఆఁకలిగొన్నవానికొఱకు పలుకుటకంటె వేల మైళ్ల దూరముననున్నవానికొఱకు పలుకుట ఎంత సులభమో ఆ యేడు వారములు స్పష్టముగా చూపినవి. దూరపు కొండలు నునుపు గదా.

ఇంతమాత్రమున నల్లని చతురస్రమును పరిహసించి తృప్తిపడువారితో నేకీభవింపలేను. హృదయశుద్ధి నడుగుట సులభము, చూచుట యెవరితరము? జాతిద్వేషమును ఖండించిన మలయుని తనవారే పరజాతుల మెప్పుకొఱకు ఆడుచున్నాఁడందురు. రోహింగ్యాలపై జాలిపడిన భారతీయునికిని అట్టి నిందయే. ఈ యభియోగమునకు సాక్ష్యము చూపనక్కఱలేదు, ప్రతివాదము చేయ వీలులేదు. కనుక నోరు మూయించుటకు ఇంతకన్న మేలైన సాధనము దొరకదు. కన్యాశుల్క నాటకమునందలి మన గిరీశమును తలఁచుకొనుఁడు. ఆ నాటకము 1892లో విజయనగరమున ప్రదర్శింపఁబడినది. ఇంచుమించు ఆ దశాబ్దములలోనే ఆ యూరున్న విశాఖ మండలపు పల్లెలనుండి మలేషియా తెలుఁగువారమగు మన పూర్వులు మలయా తోటలకు ఓడలెక్కిరి. గిరీశము వితంతువివాహమును గూర్చి పలికిన దంతయు స్వార్థమే, అందొక్క యక్షరమైనను మనసులోనిది కాదు. అయినను ఆ కపటవాక్యములచేతనే వితంతువైన బుచ్చమ్మకు తన బ్రదుకు వేఱుగా నుండవచ్చునని తెలిసినది. తుదకు వకీలు సౌజన్యారావు చేతిలో ఆమెకు పూనా శరణాలయమునకు దారి యేర్పడినది. దంభము దంభికి ఫలింపలేదు గాని, విన్నదానికి కొంత ఫలించినది. బడిలో పిల్లలు చిలుకపలుకులవలె వల్లించు రుకున్ నెగారా పంచసూత్రములును ఇట్టివే: మనసులేక పలికిన మాటనైనను రేపొకఁడు నీవే యంటివి గదాయని నిలదీయవచ్చును.

కాఁబట్టి నేను హృదయమును విడిచి వేఱొకటి చూతును: ఎవరికి, ఏ భాషలో, ఎంత నష్టమున కోర్చి పలికిరని. మలేషియాలో ఒక్కఁడే మనిషి ఆంగ్లమున నొక ముఖమును, మాతృభాషలో మఱియొక ముఖమును ధరింపఁగలఁడు. తనవారికే యర్థమగు భాషలో తనవారిని తప్పుపట్టువానికి చప్పట్లు దొరకవు, దొరకునవి తిట్లు. కావడి నవ్వులాట వ్యవహారమున మలయులు కొందఱు మలయభాషలోనే, మలయుల నుద్దేశించియే, అది తప్పనిరి. గుడియు మసీదును గల రంగుల చిత్రములకన్న ఆ పొడిమాటలను నేను మిక్కిలి గౌరవింతును; వారిలో నెవరికైనను కీర్తికాంక్ష యుండియుండవచ్చును, ఉండనిండు.

మన తెలుఁగువారి మాటయు చెప్పవలెను. జనాభా లెక్కలలో భారతీయులను పెద్దపేరు క్రింద మాయమైతిమనియు, అందఱును మనలను తమిళులే యనుకొందురనియు వగచు మనము, స్వాతంత్ర్యదినమున ఐక్యతాచిత్రములను వాట్సాప్ బృందములలో శ్రద్ధగా పంచుదుము. మన తాతలు చెమటోడ్చిన తోటలలో నేఁడు పనిచేయువారిలో బంగ్లాదేశీయులు, ఇండోనేషియావారు పెక్కురు. వారిని వెక్కిరించు బొమ్మలును ఆ బృందములలోనికే వచ్చుచుండును. వాని క్రింద తెలుఁగులో, బావగారు పంపినదైనను సరే, ఇది బాగులేదండీ యని వ్రాసినవారిని నేను బహు అరుదుగా చూచితిని.