నదీతీరము ఎవరిది?

దక్షిణాఫ్రికా ఈశాన్య భాగమున క్రూగర్ జాతీయ వనము కలదు. 1898లో సాబీ అభయారణ్యముగా మొదలై, 1926లో జాతీయ వనముగా ప్రకటింపబడిన ఈ మహారణ్యము గుండా సాబీ నది తూర్పుముఖముగా ప్రవహించుచున్నది. ఆ నది దక్షిణపు ఒడ్డున స్కుకూజా అను ప్రధానమైన విడిది ఉన్నది. ఉదయవేళ ఆ నీటిలో నీటిగుర్రములు మునిగి తేలుచుండును. ఇసుకతిన్నెలపై మొసళ్లు ఎండ కాచుకొనుచుండును. ఆవలి ఒడ్డున రెల్లుపొదలను చీల్చుకొని ఏనుగుల మంద నీటికి దిగును. ఎత్తైన కొమ్మపై నుండి చేపలగద్ద కేక నది పొడవునా వినవచ్చును.

ఈ దృశ్యమును చూచుట భాగ్యమని అందరును ఒప్పుకొందురు. ఆ భాగ్యము ఎవరిది? కన్నులు గలవారందరిదా, లేక కాళ్లు గలవారిది మాత్రమేనా? నడువలేని మనిషికి నదీతీరముపై ఉన్న హక్కు ఎంత? ఇది దారులు వేయు ఇంజనీర్లు మాత్రమే తేల్చవలసిన విషయము కాదు. ఇది ధర్మమునకు సంబంధించిన ప్రశ్న.

సెలవు దినములలో డర్బన్ నుండి ఆ వనమునకు వచ్చిన ఒక కుటుంబమును ఊహింపవచ్చును. కారులో తల్లిదండ్రులు, పిల్లలు, వారితో అవ్వ. వెనుక డిక్కీలో ఆమె చక్రముల కుర్చీ. నీటిపక్షులను చూచుటకు కట్టిన ఒక మాటు దగ్గర కారు ఆగును. అచ్చటికి పోవు దారి ఇసుకదారి, చివర మూడు మెట్లు. కొడుకు ఒక్క క్షణము తటపటాయించును. అవ్వ వెంటనే, "మీరు పోయి రండి నాయనా, పిల్లలకు చూపించండి. నేనిక్కడే కూర్చుంటాను, నాకేమి?" అనును. అందరును పోయి వచ్చెదరు. "అవ్వా, మొసలిని చూశాము!" అని పిల్లలు చెప్పినప్పుడు ఆమె నవ్వును.

ఆ "నాకేమి?" అను మాటను ఇంటివారు తృప్తిగా, ఒక్కొక్కప్పుడు వైరాగ్యముగా గూడ భావింతురు. పొరపాటు ఇచ్చటనే ఉన్నది. చేతికి అందిన దానిని తనంతట తాను విడుచుట వైరాగ్యము. అందకుండ చేసిన దానిని తలచుకొనక ఊరకుండుట వైరాగ్యము కాదు, అది సర్దుకొనుట. పరులకు బరువు కారాదను అభిమానముతో పెద్దలు పలికిన మాటను పట్టుకొని, వారికి కోరికయే లేదని తీర్మానించుట సులభము. న్యాయము మాత్రము కాదు.

క్రూగర్ వనములో ఒక కఠినమైన నియమము కలదు. తమంతట తాము తిరుగు సందర్శకులు విడిదులలోను, అనుమతించిన కొన్ని స్థలములలోను తప్ప వాహనము దిగరాదు. కాబట్టి దినములో అధికభాగము అచ్చట అందరును కూర్చుండియే చూచెదరు. అందరును చక్రములపైననే కదలెదరు. పరుగుపందెములో గెలిచిన యువకుడును, అవ్వయు ఒకే కారులో నుండి ఒకే ఏనుగును చూతురు. ఆ కొన్ని గంటలు వారిరువురికి భేదము లేదు. కారు ఆగి మెట్టు ఎదురైనప్పుడే ఆమె అవిటిదగుచున్నది. ఆమె మోకాళ్లు ఉదయము ఎట్లున్నవో అప్పుడును అట్లే ఉన్నవి, మారినది నేల. అవిటితనములో కొంత దేహమునది, మిగిలినది మెట్టుది. దేహమునది వైద్యునికి లొంగకపోవచ్చును. మెట్టుది తాపీమేస్త్రి తీసివేయగలడు.

దానికి కావలసినవి అద్భుతములు కావు. ఒక అడుగు ఎత్తునకు కనీసము పన్నెండు అడుగుల పొడవున ఏటవాలు ఉండవలెను. దక్షిణాఫ్రికా కట్టడముల ప్రమాణములు గూడ ఈ హద్దునే పెట్టినవి. దారి గట్టిగా, జారుడు లేకుండ ఉండవలెను. కొయ్యపలకల దారి అయినచో పలకలను నడచు దిశకు అడ్డముగా పరచవలెను. నిలువుగా పరచినచో సందులలో కుర్చీ ముందుచక్రములు చిక్కుకొనును. అంచున చక్రము తొలగిపోకుండ చిన్న గట్టు, కుర్చీ తిరుగుటకు సుమారు ఒకటిన్నర మీటరు చోటు కావలెను. మాటు గోడలోని కిటికీని నిలుచున్నవారి కంటి ఎత్తున మాత్రమే పెట్టినచో, కూర్చున్నవారికి కనబడునది గోడయే. కుర్చీలోనివారి కన్ను నేల నుండి సుమారు 1.2 మీటర్ల ఎత్తున ఉండును. చిన్నపిల్లల కన్నును ఇంచుమించు అంతే. కిటికీని కొంచెము దించినచో అవ్వకును, మనుమనికిని ఒకేసారి నది కనబడును. స్కుకూజాలో నది వెంబడి గట్టిగా పరచిన కాలిబాట ఉన్నది. ఒకచోట సాధ్యమైనది వేరొకచోట అసాధ్యమని చెప్పువారు కారణము చూపవలసి ఉండును.

కొందరు చూపు కారణము తేలికగా త్రోసివేయదగినది కాదు. అడవిని అడవిగానే ఉంచవలెను, ప్రతి ఒడ్డునను సిమెంటు పోసినచో చూచుటకు మిగులునది ఏమి అని వారందురు. ఇందులో సత్యము ఉన్నది. దారి వేసినచో వేళ్లు తెగును, ఒడ్డు కోసుకొనిపోవును, గూళ్లు కట్టు పక్షులు బెదరును. పైగా నది తన ఒడ్డును తానే మార్చుకొనును. 2000 సంవత్సరము ఫిబ్రవరి వరదలలో సాబీ పొంగి స్కుకూజా విడిదిలోనికే వచ్చినది. ఒడ్డున ఏది కట్టినను ఇది తెలిసి కట్టవలెను.

అయినను ఆ అడవిలో ఇప్పటికే తారురోడ్లు ఉన్నవి, పెట్రోలు బంకులు ఉన్నవి, భోజనశాలలు ఉన్నవి. స్కుకూజాలో విమానాశ్రయము గూడ ఉన్నది. కార్ల కొరకు తారు పరచినప్పుడు మాటాడని నోరు, కుర్చీ కొరకు నూరు అడుగుల బాట అడుగగనే అడవి పవిత్రతను గురించి పలుకుట ఎంతవరకు ధర్మము? ప్రతి కొండకొమ్మునకు బాట వేయుమని ఎవరును కోరుట లేదు. శిఖరము కొందరికి అందకపోవుట అన్యాయము కాదు, దానిని ఎవరును కట్టలేదు. అందరి కొరకని మనుష్యులు కట్టిన దానిలో కొందరు దాటలేని మెట్టు పెట్టుట అన్యాయము.

ఈ భేదము దక్షిణాఫ్రికా తెలుగువారికి క్రొత్తది కాదు. 1860 నవంబరు 16న ట్రూరో నౌక మదరాసు నుండి డర్బన్ రేవు చేరినది. ఆ నాటి నుండి కూలి ఒడంబడికపై వచ్చిన వారిని ఓడ ఎక్కింపక ముందు వైద్యులు పరీక్షించెడివారు. చెరకుతోటలో పని చేయగల దేహమా, కాదా అన్నదే అచ్చటి ప్రశ్న. పనికి రాని దేహమునకు ఆ లెక్కలో విలువ లేదు. అట్టి కొలబద్దతో కొలవబడిన వారి సంతతి, అదే కొలబద్దను తమ ఇంటి వృద్ధులపై మోపవచ్చునా?

తరువాత కొలత వర్ణమును బట్టి జరిగినది. 1953లో వచ్చిన ప్రత్యేక వసతుల చట్టము సముద్రతీరములను, ఉద్యానములను, కూర్చుండు బల్లలను గూడ విభజించినది. అట్లు వేరు చేసిన వసతులు సమానముగా ఉండనక్కర లేదని గూడ ఆ చట్టమే పలికినది. క్రూగర్ వనములో శ్వేతేతరులకు బలూలే అను చిన్న విడిదిని ప్రత్యేకించిరి. ఆ చట్టము 1990లో రద్దయినది. 1996 నాటి రాజ్యాంగము తొమ్మిదవ విభాగములో అన్యాయమైన వివక్షను నిషేధించుచు జాతిని, వర్ణమును పేర్కొన్న వాక్యములోనే వయస్సును, అంగవైకల్యమును గూడ పేర్కొన్నది. 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక వికలాంగులకు విహారములందును, వినోదములందును సమానమైన పాలు ఉన్నదని చెప్పినది. దక్షిణాఫ్రికా 2007లో దానిని ఆమోదించినది.

నాటి నిషేధపు పలకను, నేటి మెట్టును సమానమనుట తగదు. పలక వెనుక అహంకారము ఉండెను, మెట్టు వెనుక మరపు మాత్రమే ఉన్నది. కాని బయట ఆగిపోయినవారికి రెండు సందర్భములలోను నది కనబడదు. మరపును క్షమింపవచ్చును. గుర్తు చేసిన తరువాత గూడ నిలిచినచో అది మరపు కాదు.

"కొడుకులు లేరా? ఎత్తుకొని పోవచ్చును గదా!" అని కొందరు అడుగుదురు. తల్లిదండ్రులను కావడిలో మోసిన శ్రవణకుమారుని కథ తెలుగు ఇండ్లలో తెలియనివారు లేరు. ఆ భక్తి పూజనీయము. అయితే ఆ కథ చివరిభాగమును గూడ తలచుకొనవలెను. సరయూ తీరమున ఆ కుమారుడు బాణము తగిలి పడిపోగనే, ఆ వృద్ధులకు లోకములో దారియే లేకపోయినది. ఒక్కని భుజముపై మాత్రమే ఆధారపడిన బ్రతుకు అట్లే ఉండును. అదిగాక ఎత్తుకొని పోబడినవారు ఎత్తినవారు ఆగినచోట ఆగవలెను, వారు అలసినప్పుడు మరలవలెను. కొడుకు లేనివారి మాట ఏమి? భుజము ప్రేమకు గుర్తు, బాట న్యాయమునకు గుర్తు. ఒకటి ఉన్నదని రెండవది అక్కరలేదనుట కుదరదు.

బాట ఉన్నచోట అవ్వ కుర్చీని తానే నడుపుకొని నది దగ్గరకు పోగలదు. ఇష్టమైనంతసేపు అచ్చట ఉండగలదు. తిరిగి వచ్చిన పిల్లలు చెప్పగా వినుటకు బదులు, "ఇటు రండర్రా, అదిగో మొసలి!" అని తానే వారిని పిలిచి చూపగలదు. పెద్దలు చూపగా పిల్లలు చూచుట ఇంటి మర్యాద. ఆ మర్యాద నిలుచుటకు మూడు మెట్లు తీసివేయుట పెద్ద వెల కాదు.