ఒకటో ర్యాంకు దేశంలో ఎవరుంటారు?

ఈ సంవాదంలో గెలిచేది నేనే. రాసేవాణ్ని నేనైనప్పుడు అంతకంటే ఏం జరుగుతుంది? అవతలి పక్షం నా పాత విద్యార్థిని. డిగ్రీలో నా దగ్గర స్టాటిస్టిక్స్ చదివింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక బహుళజాతి కంపెనీ హెచ్ఆర్‌లో ఉద్యోగులను ఆన్‌సైట్ పంపే విభాగం చూస్తోంది. సొంతూరు జగిత్యాల పక్కన. సార్ అన్న గౌరవంతో కొన్నిచోట్ల తను వెనక్కి తగ్గింది. ఆ గౌరవాన్ని నేను మొహమాటం లేకుండా వాడుకున్నాను.

"2025 మానవాభివృద్ధి నివేదిక చూశారా సార్? ఐస్‌లాండ్ ఒకటి. మనం 193 దేశాల్లో 130."

"దేంట్లో ఒకటి?"

"బతకడానికి మంచి దేశాల్లో."

"నివేదికలో ఆ మాట ఉందా?"

"లేదనుకోండి. కానీ పేపర్లు అలాగే రాస్తాయి, జనం అలాగే చదువుతారు."

"అయితే జనం చదివినదాని మీదే మాట్లాడుకుందాం. ముందు లెక్క చెప్పు. మర్చిపోలేదుగా?"

మర్చిపోలేదు. పుట్టిన బిడ్డ ఎన్నేళ్లు బతుకుతుందన్న అంచనా ఒకటి. పెద్దవాళ్లు సగటున ఎన్నేళ్లు చదివారు, ఇప్పుడు బడిలో చేరే పిల్ల ఎన్నేళ్లు చదవబోతోంది, ఈ రెండూ కలిపి ఒకటి. కొనుగోలు శక్తిని బట్టి సరిచేసిన తలసరి జాతీయాదాయం ఒకటి. ఒక్కోదాన్నీ సున్నాకూ ఒకటికీ మధ్యకు తెచ్చి, మూడింటికీ గుణమధ్యమం తీస్తారు. 2010కి ముందు అంకమధ్యమం తీసేవారు. ఆయుర్దాయం 85 ఏళ్లకు చేరితే పూర్తి మార్కులు. ఆదాయం 75,000 డాలర్లు దాటితే ఆపైది లెక్కలోకి రాదు. ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"బాగుంది. మూడు సగటులు, వాటి మీద ఇంకో సగటు. ఇందులోంచి ఫలానా మనిషి ఎలా బతుకుతున్నాడో చెప్పగలవా?"

"చెప్పలేను. అది చేసింది దేశం గురించి చెప్పడానికి సార్. ఇప్పుడు మీరు గురజాడను తెస్తారు. ఇలాంటి చోట అందరూ ఆయన్నే తెస్తారు."

"తేను. మహబూబుల్ హక్‌ను తెస్తాను."

హక్ పాకిస్తాన్ ఆర్థికవేత్త, ఆ దేశానికి ఆర్థిక మంత్రిగా కూడా చేశారు. 1990లో మొదటి మానవాభివృద్ధి నివేదిక ఆయన చేతుల మీదే వచ్చింది. అమర్త్య సేన్ ఆయనకు కేంబ్రిడ్జి నాటి స్నేహితుడు. ఇంత సంక్లిష్టమైన బతుకును ఒక్క అంకెలోకి కుక్కడం సేన్‌కు నచ్చలేదు. జాతీయోత్పత్తి అంకెను దించాలంటే అంత మొరటు అంకే ఒకటి కావాలి, కాకపోతే మనుషుల్ని బొత్తిగా చూడని గుడ్డి అంకె కాకూడదు అన్నది హక్ వాదన. సేన్ చివరికి సరేనన్నారు.

"సేన్ ఒప్పుకున్నారు కదా, ఇంక మీకేం అభ్యంతరం?" అంది.

"అది మొరటుదని చేసినవాళ్లే ఒప్పుకున్నారు. మనం దాన్ని మూడో దశాంశం దాకా చదువుతున్నాం. ఐస్‌లాండ్ 0.972, నార్వే 0.970. ఆ రెండు సహస్రాంశాల తేడా నార్వేలో ఎవరికైనా తెలిసిందా?"

"తెలిసి ఉండదు."

"ఇంకోటి. ఆ సూత్రాన్ని విప్పి చూస్తే, పేద దేశంలో మనిషి ఆయుష్షు ఒక్క ఏడాది పెరిగితే దానికి ఈ సూచీ కట్టే విలువ, ధనిక దేశంలో అదే ఏడాదికి కట్టే విలువ కంటే చాలా తక్కువ. ప్రపంచ బ్యాంకులో పనిచేసిన మార్టిన్ రవాలియన్ దీన్ని ఎత్తిచూపారు. గుణమధ్యమానికి మారాక అది ఇంకా ముదిరిందన్నారు."

ఇక్కడ తను ఏదో అనబోయి ఆగింది. ర్యాంకులే లేకపోతే ప్రభుత్వాలు సిగ్గుపడేది ఎప్పుడని అడిగింది. సిగ్గుపడే ప్రభుత్వాన్ని చూపిస్తే మాట్లాడదామన్నాను. నవ్వి ఊరుకుంది.

ఆ మాట వచ్చింది కాబట్టి చెప్తాను. ర్యాంకు చూసిన ప్రభుత్వం సిగ్గుపడేకంటే ముందు ప్రిపరేషన్ మొదలుపెడుతుంది. ప్రపంచ బ్యాంకు సులభతర వాణిజ్య జాబితాలో మన దేశం ఐదారేళ్లలో 142 నుంచి 63కు ఎగబాకింది. ఆ లెక్కలో ఇండియా అంటే ఢిల్లీ, ముంబై. ఈ రెండు ఊళ్లలో పరీక్షకు వచ్చే అధ్యాయాలు బాగా చదివితే చాలు. 2021 సెప్టెంబరులో ఆ జాబితానే ప్రపంచ బ్యాంకు ఎత్తేసింది. చైనా, సౌదీ, యూఏఈ, అజర్‌బైజాన్ అంకెల్లో అవకతవకలు బయటపడ్డాయి. మన దగ్గర రాష్ట్రాలకూ అలాంటి పోటీ పెట్టారు. 2016లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మొదటి స్థానం పంచుకున్నాయి. విడిపోయిన అన్నదమ్ములిద్దరూ ఒక విషయంలో సమానంగా ఆనందపడింది బహుశా అప్పుడే.

"మనకు ర్యాంకుల జబ్బు ముందే ఉంది సార్," అంది. "ఎంసెట్ ఫలితాల రోజు టీవీ పెట్టడానికే భయమేసేది. ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అని ఆగకుండా అరుస్తుండేవాళ్లు. ఒకే పిల్లాడి ఫోటో రెండు కాలేజీల ప్రకటనల్లో ఉండేది."

"నీ ర్యాంకు ఎంత?"

"అందుకే మీ దగ్గర డిగ్రీలో చేరాను."

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోదగ్గది: ఆ ప్రకటనల్లో ర్యాంకు రాని వేలమంది అసలు కనిపించరు, వాళ్ల ఫీజులతోనే ఆ ప్రకటన వస్తుంది.

"సరే, అసలు ప్రశ్న అడుగుతాను," అని తను సర్దుకుని కూర్చుంది. "మీరు ఎన్నయినా చెప్పండి. నార్వే నుంచి జగిత్యాలకు ఎవరైనా బతకడానికి వచ్చారా?"

"రాలేదు. జగిత్యాల నుంచి నార్వేకు ఎంతమంది పోయారు?"

"నాకు తెలిసి ఎవరూ లేరు."

"దుబాయికి?"

"ఇంటికొకరు. మా చిన్నాన్న షార్జాలో ఉన్నాడు."

"అమెరికాకు?"

"ఇప్పుడు అదీ ఎక్కువే."

"అదే జాబితాలో యూఏఈ 15, అమెరికా 17. మీ వాళ్లు ఒకటో స్థానాన్ని వదిలేసి అక్కడికెందుకు పోయారు? ఏజెంటు ఉన్నాడు, కంపెనీ వీసా ఉంది, ముందే పోయిన బావమరిది ఉన్నాడు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మీ దగ్గర అనుకున్నప్పుడు ఏ జాబితా చూసి అన్నారు?"

"పని ఉన్న దేశమే బతకడానికి మంచి దేశం అనుకుంటే, వాళ్లు సరైన చోటికే పోయినట్టు కదా?"

ఇది మంచి దెబ్బ. అందుకే యూఏఈ దగ్గర ఆగాల్సి వచ్చింది. ఆ దేశంలో ఉండేవాళ్లలో పదికి తొమ్మిది మంది దాకా పరాయి దేశస్తులే. పనికి వచ్చేవాడు వయసులో ఉన్నవాడు, మెడికల్ పాసైనవాడు. జబ్బు పడితే, పని చేయలేకపోతే ఇంటికి పంపిస్తారు. అంటే అతని ఆరోగ్యవంతమైన ఏళ్లు అక్కడ, మంచం పట్టిన ఏళ్లు ఇక్కడ. తలసరి ఆదాయం సంగతీ అంతే. దేశం ఆదాయాన్ని అక్కడున్న తలలన్నిటితో భాగిస్తారు కాబట్టి, కాగితం మీద చిన్నాన్నకూ అతని కఫీల్‌కూ, అంటే వీసా ఇచ్చిన యజమానికీ, వాటా సమానం.

"చిన్నాన్నకు ఆ వాటా ఇంకా అందలేదు," అంది.

"పాస్‌పోర్టయినా ఆయన దగ్గరే ఉందా?"

జవాబు చెప్పలేదు. వెంటనే ఇంకో దారి పట్టింది.

"అందుకే సార్, ప్రపంచ ఆనంద నివేదిక. అందులో సగటులు తీసే ముందు మనుషుల్ని అడుగుతారు. సున్నా నుంచి పది దాకా మెట్లున్న నిచ్చెన ఊహించుకో, నీ బతుకు ఏ మెట్టు మీద ఉందో చెప్పు అంటారు. ఏటా దేశానికి సుమారు వెయ్యి మంది, మూడేళ్ల సగటు. 2018 నుంచి 2025 దాకా ప్రతిసారీ ఫిన్లండే ఒకటి. 2018లో బయటి నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లను విడిగా లెక్కగట్టారు, అందులోనూ ఫిన్లండే ఒకటి. ఎక్కడ స్థానికులు సంతోషంగా ఉంటే అక్కడ వలస వచ్చినవాళ్లూ దాదాపు అంతే సంతోషంగా ఉన్నారు. ఎవరికి మంచిది అన్నదేగా మీ ప్రశ్న. అందరికీ అని ఈ లెక్క చెప్తోంది."

నా వాదానికి ఇంతకంటే గట్టి అడ్డు లేదు. నాకు ఇష్టమైన అభ్యంతరం కూడా ఇదే, తను అడగకపోతే నేనే అడిగించేవాణ్ని.

"ఎవర్ని అడిగారు?" అన్నాను. "గల్ఫ్ దేశాల్లో ఆ సర్వే చాలాకాలం అరబ్బులు కాని వలసవాళ్లను లెక్కలోకే తీసుకోలేదు. మీ చిన్నాన్న ఏ మెట్టు మీదున్నాడో ఎవరూ అడగలేదు. దేశంలో సగం మంది పెద్దవాళ్లు నిచ్చెన చూడకుండానే ఆ దేశానికి మార్కులు పడ్డాయి."

"అది గల్ఫ్. ఫిన్లండ్‌లో అడిగారుగా?"

"ఉన్నవాళ్లను అడిగారు. రానివ్వనివాళ్లను, వచ్చి నిలవలేక తిరిగిపోయినవాళ్లను ఎవరు అడుగుతారు? భూటాన్ చూడు. స్థూల జాతీయ ఆనందం అన్న ఆలోచన వాళ్లది, 2011లో ఐక్యరాజ్యసమితి చేత ఆనందం మీద తీర్మానం చేయించిందీ వాళ్లే. 1990లలో ఆ దేశం దక్షిణాన ఉండే నేపాలీ భాషీయులు, లొత్‌షాంపాలు, లక్షమందికి పైగా బయటికొచ్చి నేపాల్ శిబిరాల్లో పడ్డారు. 2007 తర్వాత వాళ్లలో ఎక్కువమందిని అమెరికా తీసుకుంది. థింఫూలో నిచ్చెన చూపించి అడిగితే వాళ్ల జవాబు వినిపించదు, వాళ్లిప్పుడు అమెరికా లెక్కలో ఉన్నారు."

"భూటాన్‌కు ఆ జాబితాలో పెద్ద ర్యాంకేం రాలేదు సార్. 2019లో 95."

"రాలేదు. ర్యాంకు ఎంతైనా, లెక్కకు ముందే జనాన్ని వడగట్టేశారన్నదే నేననేది. కెనడాకైతే పెద్ద ర్యాంకే వచ్చింది. 1994 నుంచి 2000 దాకా మానవాభివృద్ధిలో ఒకటో స్థానం. ప్రధాని జాన్ క్రెటియన్ ఆ మాట సందు దొరికినప్పుడల్లా చెప్పుకునేవారు. అదే రోజుల్లో అదే సూచీని అక్కడి ప్రభుత్వ శాఖే ఆదివాసుల రిజర్వులకు వేసి చూస్తే, వాళ్ల స్థానం 60 దాటింది. ఉత్తర ఒంటారియోలో నెస్కంటాగా అనే ఆదివాసీ ఊరుంది. కుళాయి నీళ్లు కాచుకునే తాగండని 1995లో నోటీసు పెట్టారు. పాతికేళ్లు దాటినా తీయలేదు. దేశం వరసగా ఒకటో ర్యాంకు కొట్టిన ఆ ఏళ్లలో దాదాపు అన్నీ వాళ్లు నీళ్లు కాచుకుంటూనే ఉన్నారు."

"అంటే లెక్క తప్పని మీరనడం లేదు. లెక్కలోకి ఎవరొచ్చారన్నదే గొడవంటారు."

"అంతే."

"సరే సార్, ఒప్పుకున్నాను."

కొంచెం తొందరగానే ఒప్పుకుంది. ఫిన్లండ్‌కు వెళ్లి నిజంగానే సుఖపడ్డవాళ్ల సంగతేమిటని ఇంకోసారి నిలదీస్తే నేను తడుముకునేవాణ్ని. బదులుగా తనే నా వైపు నుంచి ఒక సాక్ష్యం ఇచ్చింది.

"మా ఆఫీసులో కూడా జాబితాలు వాడతాం సార్. ఏ నగరంలో బతుకు ఎలా ఉంటుందో చెప్పేవి, మెర్సర్, ఎకనామిస్ట్ వాళ్లవి. 2019లో మెర్సర్ జాబితాలో హైదరాబాద్, పుణె ఇండియాలో అన్నిటికంటే ముందున్నాయి, గుర్తుందా? అందరూ వాట్సాప్‌లో పంచుకున్నారు. మన ఊరే బెస్ట్ అని."

"ప్రపంచంలో ఎన్నో స్థానం?"

"143. అదెవరూ పంచుకోలేదు. అసలు సంగతేంటంటే, ఆ జాబితా మనకోసం చేసింది కాదు. విదేశీ మేనేజర్‌ను హైదరాబాద్‌లో పెడితే, ఇక్కడి ట్రాఫిక్కూ కరెంటూ ఆస్పత్రులూ భరించినందుకు హార్డ్‌షిప్ అలవెన్స్ ఎంతివ్వాలి అనేదానికి. వియన్నాకు పంపితే సున్నా, మన దగ్గరికి పంపితే జీతం మీద ఇంత శాతం."

నాకు పండగైంది. "చూశావా, నువ్వు చెప్పినవాటిలో నిజాయితీగల జాబితా ఇదొక్కటే. ఎవరికోసం చేశారో తెలుసు, ఎందుకో తెలుసు, ఎన్ని డాలర్లో కూడా తెలుసు. యూసుఫ్‌గూడలో పుట్టినవాడు దాన్ని చదివి ఛాతీ విరుచుకోవడమే పొరపాటు. మిగతా జాబితాలు ఆ 'ఎవరికి' అన్నదాన్ని చెరిపేసి అందరికీ పంచుతాయి. యూఎస్ న్యూస్ వాళ్ల ఉత్తమ దేశాల జాబితా అయితే మరీ విడ్డూరం. 2024లో సుమారు 17,000 మందిని అడిగారు. వాళ్లలో ఎక్కువమంది తాము మార్కులేసే దేశాల్లో కాలు కూడా పెట్టి ఉండరు. అప్పుడు స్విట్జర్లాండ్ ఫస్టు."

"గడియారాలకు వచ్చుంటాయి మార్కులు."

"చాక్లెట్లకు కూడా."

"ఇవన్నీ సరే," అంది. "వచ్చే నెల మా టీములో ఒకబ్బాయి హెల్సింకీ వెళ్తున్నాడు. ఆనందంలో ఫస్టని ఇంట్లో అందరికీ చెప్పుకుంటున్నాడు. వాడికేం చెప్పమంటారు?"

"ఉద్యోగం పోతే ఎన్నాళ్లు ఉండనిస్తారో అడగమను."

"అది నాకు తెలుసు సార్, మా పనే అది. 2025 జూన్ నుంచి ఫిన్లండ్‌లో మూడు నెలలు. నిపుణుల పర్మిట్ ఉన్నవాళ్లకు, రెండేళ్లు దాటినవాళ్లకు ఆరు. అమెరికాలో హెచ్1బీ మీద ఉంటే 60 రోజులు."

"ఈ అంకెలు ఏ జాబితాలో ఉన్నాయి?"

"ఏ జాబితాలోనూ లేవు. మా ఎక్సెల్ షీట్లో ఉన్నాయి." కాసేపాగి, "అయినా వాడు వెళ్తాడు సార్," అంది.

"వెళ్లనీ అమ్మా. ఫిన్లండ్ ఒకటో స్థానంలో ఉందని మాత్రం కాదు, మీ కంపెనీకి అక్కడ ప్రాజెక్టు వచ్చిందని."

"ప్రాజెక్టు పన్నెండు నెలలే," అంది.