రిగ్గు పిలిచే ముందు

అబ్బీ,

చేన్లో మళ్లీ బోరు వేయిస్తానంటున్నావని మీ అమ్మ చెప్పింది. వద్దనను. రిగ్గుకు అడ్వాన్సు ఇచ్చే ముందు మాత్రం ఈ చిన్నాయన మాట కాస్త చెవిన వేసుకో.

ఈ వారం పేపరు నిండా వాన సంగతులే. ఒక పక్క వాతావరణ శాఖ అంచనా, దాని కింద వాన కోసం పూజలు, ఇంకో పక్క ఎండిన బోర్లు. ఆ పూజల ఫొటో నాకు ఫోన్లో పంపి, ‘సైన్సు ఇంత పెరిగినా వీళ్లు మారరు’ అని రాసినావు. నాకు మనసుకు కష్టమైంది. మీ జేజి కూడా రోకలికి కప్పను కట్టి, వేపాకు చుట్టి, ఇంటింటా నీళ్లు పోయించిన మనిషే. దాంతో ఎవరికీ అప్పు కాలేదు. వాన రాకపోయినా నాలుగు వీధులవాళ్లు ఒక్కచోట చేరినారు. మన చేన్లో అప్పు మిగిల్చింది కప్పతల్లి కాదురా, రిగ్గు. ఇంకా లోతుకు పోతే నీళ్లు పడకపోవన్న నమ్మకం మీ నాయనది. యంత్రం మీద పెట్టుకున్నదైనా అదీ గుడ్డి నమ్మకమే.

ఎందుకంటావా? పడమటి కనుమలు నైరుతి వానను అడ్డుకుంటాయి, ఈశాన్యం మనదాకా వచ్చేసరికి నీరసిస్తుంది. మన జిల్లాకు ఏడాదికి పడేది సుమారు 550 మి.మీ. కింద ఉండేది గట్టి రాయి. ఆ రాయి పైన చివికిన పొరలో, పగుళ్లలో తప్ప నీళ్లు నిలవవు. లోతుకు పోయేకొద్దీ ఆ పగుళ్లూ తగ్గుతాయి. ఇక బోరుకు చోటు చూపించేవాళ్ల టెంకాయ సంగతి. అరచేతిలో అడ్డంగా పెట్టుకొని నడుస్తుంటే అది నిక్కి నిలబడుతుంది, నేనూ చూసినా. దాన్ని లేపేది చెయ్యే, మనిషికి తెలియకుండా. అట్లా పదిమందికి చోటు చూపిస్తే ఒకరిద్దరికి ఎట్లాగూ నీళ్లు పడతాయి, ఆ ఒకరిద్దరి పేర్లే ఊళ్లో చెప్పుకుంటారు.

సైన్సు కూడా తను చెయ్యగలిగిందే చేస్తుంది. 2000ల దశకంలో వాన కోసం ప్రభుత్వంవాళ్లు విమానాలతో మేఘాల మీద రసాయనం చల్లించినారు. మేఘమంటూ ఉంటేనే ఆ మందుకు పని.

పక్క కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు కాడ 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించినాడు. శాసనంలో ముందు దేవుడి స్తుతి, చెరువు కట్టించినవాడికి వచ్చే పుణ్యం. ఆ తర్వాత చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు. జలశాస్త్రం తెలిసినవాడు ఉండాలి, కట్ట ఊరకూడదు, చౌడునేల పనికిరాదు, నీళ్లు కొంచెమై తడిపే నేల ఎక్కువ కాకూడదు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని కూడా రాసినారు. దేవుడికి మొక్కిన చేత్తోనే బండ్లు లెక్కపెట్టినారు. నాకు ఆ పద్ధతి నచ్చుతుంది, అబ్బీ. నువ్వూ అట్ల ఉంటే చూడాలని ఆశ.

ఈ లెక్క మనలాంటివాళ్లకు చేతకాదనుకోవద్దు. 2000ల దశకంలోనే ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనే పథకం కింద మన జిల్లాతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో రైతులే వాన కొలిచినారు, బోర్లలో నీటిమట్టం కొలిచినారు. రబీకి ముందు అందరూ కూర్చొని నీటి పద్దు వేసి, ఏ పంట పెట్టాలో ఎవరికివాళ్లు తేల్చుకున్నారు.

నువ్వూ అక్కడే మొదలుపెట్టు. మీ నాయన వేయించిన పాత బోరు మూత తీసి, దారానికి బరువు కట్టి వదిలితే నీళ్లు ఎంత లోతున ఉన్నాయో తెలుస్తుంది. నోటుబుక్కులో తేదీ వేసి రాయి. మూత మళ్లీ గట్టిగా బిగించు, పిల్లలు తిరిగే చేను. చుట్టుపక్కల బోర్లు ఎన్ని అడుగులు, ఏ ఏడు ఎండినాయో అడుగు. భూగర్భజల శాఖవాళ్లతో సర్వే చేయించు. నీళ్లు చాలవంటే ఆ డబ్బు దాచుకొని కొర్రో, కందో పెట్టుకో. ఉన్నాయంటే బోరు వేయించు. గంగమ్మ పూజ చెయ్యి, జేజిని అడగకుండా మాత్రం రోజు పెట్టుకోవద్దు.